స్వభావం పేరిట ఉద్యోగిని తూచవద్దు

బిలాస్‌పూర్ పట్టణపు అంచున, రతన్‌పూర్ వెళ్లే దారిలో కోని ఉన్నది. అక్కడ ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థ ఉన్నది. 1983లో స్థాపితమై 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయమూ అక్కడే ఉన్నది. మొదటిచోట యువకుడు ఇచ్చిన కొలతకు వెంట్రుకవాసి తేడా రాకుండా ఇనుమును ఆకురాయితో రాయడం నేర్చుకుంటాడు. రెండవచోట ఆ కొలత అలాగే ఎందుకుండాలి, వేరొక విధంగా ఉండరాదా అని ప్రశ్నించడం నేర్చుకుంటాడు. రైల్వేకు, తపాలాకు ఈ రెండు విద్యలూ అవసరమే. కాని ఈ రెండూ పుట్టుకతోనే వేరైన రెండు రకాల మనుషుల సొత్తు అనీ, ఒక రకం వారు సంస్థకు భూషణమనీ, మరొక రకం వారు భారమనీ చెప్పే వాదం మన శాఖలలో క్రమంగా బలపడుతున్నది. ఆ వాదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ వాదం సారాంశం ఇది. కొందరు ఉద్యోగులకు చొరవ సహజగుణమట. కొత్త పద్ధతిని కనిపెడతారు, కొత్త యంత్రాన్ని ఇష్టంగా పట్టుకుంటారు, లక్ష్యాలను దాటిపోతారు. మరికొందరు గానుగెద్దులట. నిన్న చేసినదే నేడు చేస్తారు, రేపూ అదే చేస్తారు. ఈ విభజన కబుర్లకే పరిమితమైతే మాకు పేచీ లేదు. వార్షిక పనితీరు నివేదికలోకి, పదోన్నతిలోకి, బదిలీలోకి, చివరకు ప్రమాదం జరిగినప్పుడు దోషి ఎవరన్న నిర్ణయంలోకి అది చొరబడుతున్నది. అందువల్ల ఉద్యోగి స్వభావమన్నది నేడు మనస్తత్వ శాస్త్రజ్ఞుల చర్చగా మాత్రమే మిగలలేదు. అది మన జీతానికీ, ప్రాణానికీ సంబంధించిన విషయమైనది.

శాస్త్రం చెప్పేది ఎంతవరకు?

మనుషుల స్వభావాలలో భేదం ఉన్నదనడం నిజమే. దానిని కాదనడం మా ఉద్దేశం కాదు. 1976లో మైకేల్ కిర్టన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ భేదాన్ని కొలిచే పద్ధతి నొకదానిని ప్రతిపాదించాడు. ఉన్న చట్రంలోనే పనిని మెరుగుపరచడానికి ఇష్టపడేవారు ఒక కొస, చట్రాన్నే మార్చి పనిని వేరుగా చేయడానికి ఇష్టపడేవారు మరొక కొస అన్నాడు. అయితే మన అధికారులు మరచిపోయే మాట ఒకటి కూడా ఆయన చెప్పాడు. ఇది మనిషి పనిచేసే తీరుకు సంబంధించినదే గాని అతని సమర్థతకు కొలబద్ద కాదని ఆ సిద్ధాంతం స్పష్టం చేస్తున్నది. రెండు కొసలలో ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు.

1991లో బారిక్, మౌంట్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అంతకుముందు జరిగిన అనేక అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. తాము చూసిన వృత్తులన్నిటిలోనూ మంచి పనితీరుతో సంబంధం కనబరచిన గుణం కర్తవ్యనిష్ఠ అని వారు తేల్చారు. కొత్తదనం పట్ల ఆసక్తి అనే గుణం ముఖ్యంగా శిక్షణ కాలంలో ఉపకరిస్తుందని కూడా వారి పరిశీలనలో తేలింది. అంటే మన పైవారు గానుగెద్దుతనమని చులకన చేసే గుణమే అన్ని వృత్తులలోనూ పనిని నిలబెడుతున్నది. ఇక శిక్షణ లేకుండా కొత్త యంత్రాన్ని చేతికిచ్చి, నేర్చుకోలేదని నిందించడం అశాస్త్రీయమని కూడా దీనివల్ల అర్థమవుతున్నది.

అదే 1991లో జేమ్స్ మార్చ్ అనే పండితుడు మరొక ముఖ్యమైన మాట చెప్పాడు. ఉన్న విద్యను సద్వినియోగం చేసుకోవడం, లేని విద్యను అన్వేషించడం అనే రెండు పనుల మధ్య ప్రతి సంస్థా తన శక్తిని పంచుకోవలసి ఉంటుంది. అన్వేషణలోనే మునిగిన సంస్థ ఖర్చులు భరిస్తుంది, ఫలితం అనుభవించదు. ఉన్నదానికే అంటిపెట్టుకున్న సంస్థ అక్కడే గిడసబారిపోతుంది. ఈ సమతూకం సాధించడం సంస్థ బాధ్యత. ఆ బరువును తెచ్చి ఒక్కొక్క పాయింట్స్‌మ్యాన్ నెత్తిన, ఒక్కొక్క పోస్ట్‌మ్యాన్ నెత్తిన పెట్టి, నీలో చొరవ ఎంత, నియమపాలన ఎంత అని తూచడం న్యాయం కాదు.

మూడున్నర కిలోమీటర్ల రైలు

ఈ విషయం గ్రహించడానికి బిలాస్‌పూర్ కేంద్రంగా 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వే మంచి ఉదాహరణ. దేశపు బొగ్గు రవాణాలో అత్యధిక భారం మోస్తున్న మార్గాలలో కొన్ని ఇక్కడివి. 2020 జూన్ చివరలో మూడు లోడు రైళ్లను ఒకటిగా కలిపి సూపర్ అనకొండ అన్నారు. ఆ వెంటనే జూలైలో నాలుగు ఖాళీ రైళ్లను జోడించి శేష్‌నాగ్ అన్నారు. 2021 జనవరిలో ఐదు ఖాళీ రైళ్లతో వాసుకి నడిచింది. 2022 ఆగస్టు 15న సూపర్ వాసుకి నడిచింది. 6 ఇంజన్లు, 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, సుమారు 27,000 టన్నుల బొగ్గు. కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ వరకు 267 కిలోమీటర్లు 11 గంటల 20 నిమిషాలలో అది ప్రయాణించింది. దేశమంతా చప్పట్లు కొట్టింది. మేమూ గర్వించాము.

ఇది నూతన కల్పన అనడంలో సందేహం లేదు. కాని ఆ కల్పన దేనిమీద నిలిచిందో చూడండి. 295 వ్యాగన్ల కప్లింగులను ఒక్కొక్కటిగా వంగి చూసిన క్యారేజి, వ్యాగన్ సిబ్బంది ఉన్నారు. మొదటి ఇంజను నుంచి చివరి వ్యాగను వరకు బ్రేకు గాలి సరిగా చేరుతున్నదో లేదో సరిచూసినవారు ఉన్నారు. ఆ రైలు ఏ స్టేషను లూపులోనూ పట్టదు. కనుక దారి పొడవునా ముందూ వెనుకా రైళ్లను సర్దిన కంట్రోలర్లు, స్టేషను మాస్టర్లు ఉన్నారు. మామూలు రైలుకంటే చాలాసేపు మూసి ఉంచిన గేటు దగ్గర ప్రజల విసుగును భరించిన గేట్‌మ్యాన్ ఉన్నాడు. అంత బరువును మోసిన పట్టాలను ఆ ఉదయమే కీమ్యాన్ నడిచి చూశాడు. వీరిలో ఎవరూ ఆనాడు కొత్తగా ఏదీ కనిపెట్టలేదు. ప్రతిరోజూ చేసే పనినే ఆనాడూ చేశారు. కాని ఒక్క కీమ్యాన్ ఒక్క వదులు చీలను చూడకపోయి ఉంటే, ఆ ఘనకార్యం పత్రికలలో వేరే శీర్షికతో వచ్చి ఉండేది.

వర్షాకాలపు గస్తీ సంగతి కూడా ఇట్టిదే. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ సమీపంలో వంతెన కూలి వందమందికి పైగా ప్రయాణికులు మరణించారు. ఆనాటి నుంచి ఈనాటి వరకు వానరాత్రులలో లాంతరో టార్చిలైటో పట్టుకుని, వెళ్లిన దారినే మళ్లీ మళ్లీ నడిచే గస్తీవాని పనిలో కొత్తదనమేమున్నది? ఏమీ లేదు. ఏమీ జరగకపోవడమే అతని విజయం. ఏమీ జరగనందుకు ఏ నివేదికలోనూ మార్కులు పడవు. మా మొదటి అభ్యంతరం ఇక్కడే.

పిన్ కోడ్ చెప్పే పాఠం

మరి నూతన కల్పన పైనుంచే, ప్రత్యేక స్వభావం కలవారి నుంచే పుడుతుందా? దీనికి తపాలా శాఖ చరిత్రలోనే సమాధానమున్నది. 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ అమలులోకి వచ్చింది. దానిని రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలంకర్ తపాలా శాఖ అధికారి, అటుపైన సంస్కృత కవి. ఒకే పేరు గల ఊళ్లు అనేకం, చిరునామాలు వ్రాసే భాషలు అనేకం. ఛత్తీస్‌గఢ్‌లో బిలాస్‌పూర్ ఉన్నట్లే హిమాచల్‌ప్రదేశ్‌లోనూ ఒక బిలాస్‌పూర్ ఉన్నది, ఉత్తరప్రదేశ్‌లోనూ ఉన్నది. ఏ కవరు ఏ బిలాస్‌పూర్‌కు పోవాలో రాష్ట్రం పేరు చూసి, జిల్లా పేరు చూసి, ఒక్కొక్కసారి వ్రాత తీరు చూసి నిర్ణయించినవాడు ఆర్.ఎం.ఎస్. వ్యానులో కాళ్లు వాచేలా నిలబడిన సార్టరు. వందలాది అరల స్థానాలు అతనికి కంఠస్థం.

పిన్ కోడ్ చేసినదేమిటి? ఆ సార్టరు జ్ఞాపకంలో ఉన్న క్రమాన్ని ఆరు అంకెలలో అమర్చింది. మొదటి అంకె మండలం, రెండవది ఉపమండలం, మూడవది సార్టింగు జిల్లా, చివరి మూడు బట్వాడా కార్యాలయం. 495009 అని కనపడగానే అది కోని అని నేడు భాష రానివాడు కూడా చెప్పగలడు. 174తో మొదలైతే అది హిమాచల్ బిలాస్‌పూర్ వైపు పోతుంది. నిత్యవిధిలో పండిన జ్ఞానమే నూతన కల్పనకు ముడిసరుకు అనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు. అంతేకాదు, ఒకే మనిషిలో కవిహృదయం, కార్యాలయ క్రమశిక్షణ కలసి ఉండవచ్చునని కూడా వేలంకర్ జీవితం చెబుతున్నది. మనుషులను రెండు గంపలలో వేసేవారు ఆయనను ఏ గంపలో వేస్తారు?

రైల్వేలోనూ ఇట్టి చరిత్ర ఉన్నది. 1999 ఆగస్టులో గైసాల్ వద్ద రెండు రైళ్లు ఢీకొని రెండువందల యాభైమందికి పైగా మరణించిన తరువాత, కొంకణ్ రైల్వేలో పనిచేస్తున్న మన తెలుగు ఇంజనీరు బొజ్జి రాజారాం రైళ్లు ఢీకొనకుండా వాటంతట అవే ఆగే పరికరాన్ని రూపొందించారు. సాహసోపేతమైన కల్పన అది. ఈశాన్య సరిహద్దు రైల్వేలో దానిని అమర్చారు. ఆచరణలో చిక్కులు ఎదురయ్యాయి. దేశమంతటికీ అది విస్తరించలేదు. తరువాత పరిశోధనా సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. ఆధ్వర్యంలో వేరొక వ్యవస్థ రూపొందింది. దక్షిణ మధ్య రైల్వేలో లింగంపల్లి, వికారాబాద్, వాడి మార్గంలో సంవత్సరాల తరబడి పరీక్షలు జరిగాయి. 2020లో జాతీయ వ్యవస్థగా స్వీకరించిన ఆ కవచ్ దేశంలోని అధిక భాగం మార్గాలకు ఇంకా చేరవలసి ఉన్నది. ఊహకూ ఉపయోగానికీ మధ్య ఇన్నేళ్ల దూరం ఎందుకు? ఆ దూరం నిండా నిత్యవిధి ఉన్నది. పరీక్షా ప్రయాణాలలో ఇంజను నడిపినవారు, సిగ్నల్ గదులలో తీగలు సరిచూసినవారు, తప్పు దొరికిన ప్రతిసారీ కాగితం మీద వ్రాసినవారు ఆ దూరాన్ని నడిచారు. ఊహ ఒకరిది కావచ్చు, దానిని నమ్మదగినదిగా చేసే పని మాత్రం అనేకులది.

గెలిస్తే చొరవ, ఓడితే నిర్లక్ష్యం

ఇక్కడ మనలో మనం కూడా స్పష్టంగా చెప్పుకోవలసినది ఒకటున్నది. అడ్డదారి నూతన మార్గం కాదు. నియమాన్ని మార్చాలని బహిరంగంగా వాదించి, పరీక్షించి, వ్రాతపూర్వకంగా మార్పించడం నూతన కల్పన. నియమం పుస్తకంలో అలాగే ఉండగా, పని త్వరగా ముగించడానికి దానిని మౌనంగా పక్కన పెట్టడం అడ్డదారి. మన నియమావళిలోని అనేక పంక్తులు ప్రమాదాలలో పోయిన ప్రాణాల మూల్యంతో వ్రాయబడినవి. వాటిని తేలికగా తీసుకునే స్వభావాన్ని మేము ఎన్నడూ చొరవ అని పొగడము.

కాని అడ్డదారి తొక్కిస్తున్నది ఎవరు? సిబ్బంది చాలని చోట, సమయపాలన ఒత్తిడి ఎక్కువైన చోట, ‘ఏదో ఒకటి చూసుకో’ అనే నోటిమాట పైనుంచి వస్తుంది. ఆ మాటకు కాగితం ఉండదు. పని గట్టెక్కితే ఉద్యోగి చొరవ గలవాడవుతాడు. బెడిసికొడితే అతడే నిర్లక్ష్యపరుడవుతాడు. నియమావళి అప్పుడు బీరువాలోనుంచి బయటికి వస్తుంది. నియమానుసారం పనిచేసి నిరసన తెలిపిన సందర్భాలు మన ఉద్యమ చరిత్రలో ఉన్నాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్లు పాటించగానే బండ్లు ఆలస్యమయ్యాయంటే అర్థమేమిటి? కావలసినంత సిబ్బంది, సమయం ఇవ్వకుండా ఆ వ్యత్యాసాన్ని ఉద్యోగి చొరవతో పూడ్చుకుంటున్నారని అర్థం.

తపాలాలో ఈ ఒత్తిడి రూపం వేరు. ఇన్ని ఖాతాలు తెరిపించాలి, ఇన్ని బీమా పాలసీలు తేవాలి అని గ్రామీణ డాక్ సేవకులకు, పోస్ట్‌మ్యాన్‌లకు లక్ష్యాలు విధిస్తున్నారు. మాటకారి నెగ్గుకొస్తాడు. మితభాషి వెనుకబడతాడు. ఆ మితభాషి తన బీటులోని ప్రతి ఇంటికీ వేళకు ఉత్తరం చేర్చవచ్చు. పింఛను డబ్బు పైసా తేడా లేకుండా ముసలమ్మ చేతిలో పెట్టవచ్చు. అయినా లక్ష్యాల పట్టికలో అతని పేరు అడుగున ఉంటుంది. బేరసారాల నేర్పును మాత్రమే చొరవగా లెక్కించే పట్టిక అది. ఉత్తరం చేరడమనే మూలధర్మానికి అందులో గడి లేదు.

మానసిక పరీక్ష ఎవరికోసం?

2025 నవంబరు 4న గెవ్రా రోడ్ నుంచి బిలాస్‌పూర్ వస్తున్న మెము రైలు, బిలాస్‌పూర్ సమీపంలోని లాల్‌ఖదాన్ వద్ద ఆగి ఉన్న గూడ్సు రైలును వెనుకనుంచి ఢీకొన్నది. లోకో పైలట్‌తో సహా పదిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ కుటుంబాల దుఃఖంలో మేము పాలుపంచుకుంటున్నాము. మెము రైలు నడపడానికి ఆవశ్యకమైన మానసిక సామర్థ్య పరీక్షలో ఆ లోకో పైలట్ ఉత్తీర్ణుడు కాలేదన్న సంగతి విచారణలో వెలుగులోకి వచ్చిందని పత్రికలు వ్రాశాయి. వెంటనే చర్చ అంతా ఒక మృతుని మనస్తత్వం చుట్టూ తిరగసాగింది.

ఈ పరీక్షలు నిన్నమొన్నటివి కావు. 1962లో కుంజ్రూ అధ్యక్షతన ఏర్పడిన రైల్వే ప్రమాదాల విచారణ సంఘం తరువాత, ఆ దశకంలోనే రైల్వేలో మానసిక సామర్థ్య విభాగం ఏర్పడింది. దృష్టి నిలపగలగడం, దూరాన్ని అంచనా వేయడం, త్వరగా స్పందించడం మొదలైనవాటిని పరీక్షించి, ఏ పనికి ఎవరు తగుదురో నిర్ణయించడం దాని ప్రయోజనం. మేము దానిని వ్యతిరేకించడం లేదు. ప్రయాణికుని ప్రాణమూ, ఉద్యోగి ప్రాణమూ రెండూ దానివల్ల కాపాడబడాలి. మా ప్రశ్న వేరు. పత్రికల కథనం నిజమైతే, తగడని తేలిన మనిషిని ఆ ఆసనంలో కూర్చోబెట్టిన డ్యూటీ పట్టికను ఏ స్వభావం తయారు చేసింది? ఒక పనికి తగనివాడు మరొక పనికి ఉత్తముడు కావచ్చు. దానిని గుర్తించడానికే పరీక్ష పెట్టారు. ఫలితాన్ని బీరువాలో ఉంచి, ఖాళీలు నింపక, ఉన్నవారితో బండి లాగించి, చివరకు పోయినవాని మనసును నిందించడం న్యాయమా?

నిద్రలేని మనిషికి కర్తవ్యనిష్ఠ ఎంత ఉన్నా రెప్పలు వాలక మానవు. అలసిన మెదడులో కొత్త ఊహ పుట్టదు, పాత జాగ్రత్తా నిలవదు. 1973లో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల పనిదినంపై హామీ సాధించారు. ఆ హామీ సంపూర్ణంగా అమలు కావడానికి తరువాతి తరాలు కూడా పోరాడవలసి వచ్చింది. స్వభావాన్ని గురించి మాట్లాడే అధికారం ఉన్నవారు ముందు విశ్రాంతిని గురించి మాట్లాడాలి.

మా అభిప్రాయం

కనుక మేము కోరుతున్నవి నాలుగు. మొదటిది, పనితీరు నివేదికలలో చొరవకు ఇచ్చే స్థానాన్నే దోషరహితమైన నిత్యసేవకూ ఇవ్వాలి. ప్రమాదం లేకుండా గడిచిన సంవత్సరాలు, వేళకు చేరిన ఉత్తరాలు లెక్కకు రావాలి. రెండవది, మానసిక పరీక్షల ఫలితాలు తగిన పనిలో నియమించడానికే ఉపయోగపడాలి. తగడని తేలినవారికి జీతనష్టం లేకుండా వేరే పని చూపాలి. పట్టిక తయారు చేసినవారికీ జవాబుదారీ ఉండాలి. మూడవది, ఏ కొత్త పద్ధతినైనా, ఏ కొత్త యంత్రాన్నైనా ప్రవేశపెట్టే ముందు ఆ పని రోజూ చేసేవారిని సంప్రదించాలి, పని వేళలలోనే శిక్షణ ఇవ్వాలి. నాలుగవది, ఉద్యోగి ఇచ్చిన సూచన ఆచరణలోకి వస్తే అది అతని పేరుతోనే నమోదు కావాలి. పై అధికారి ఉపన్యాసంలో కలసిపోరాదు.

మన సంఘాలకు కూడా ఈ పాఠం వర్తిస్తుంది. ప్రతి శాఖలోనూ వేదిక మీద ప్రజ్వలించే కార్యకర్త ఉంటాడు, ప్రతి నెలా చందా వసూలు చేసి రసీదు ముక్క పారేయకుండా దాచే కోశాధికారి ఉంటాడు. మొదటివానికి దండలు పడతాయి, రెండవవాడు ఎవరికీ కనపడడు. రసీదుల పుస్తకం సరిగా లేని సంఘం సమ్మె రోజున నిలవదు. కొత్త పోరాట రూపాన్ని ఆలోచించలేని సంఘమూ నిలవదు. ఇద్దరినీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టడం నాయకత్వం పని.

బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుంచి ఉత్తరాంధ్ర జిల్లాల కుటుంబాలు పట్టాల వెంట వచ్చి ఖరగ్‌పూర్‌లో, బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డాయి. ఆ రైల్వే కార్మికులను సంఘటితపరచిన నాయకులలో తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి గారు అగ్రగణ్యులు. ఆనాటి సంఘంలో ఫిట్టరు, గుమాస్తా, గ్యాంగ్‌మ్యాన్ ఒకే జాబితాలో పేర్లు వ్రాయించుకున్నారు. నీవు చొరవ గలవాడివా, మూసలో పోసినవాడివా అని వారిని ఎవరూ అడగలేదు. ఈనాడు అధికారులు ఆ ప్రశ్న వేస్తే, ప్రతి శాఖ ముందుగా మూడు ప్రశ్నలు తిరిగి వేయాలని మా సూచన: మా స్టేషనులో, మా తపాలా కార్యాలయంలో ఖాళీలు ఎన్ని? నిన్న రాత్రి డ్యూటీ దిగినవారికి దొరికిన విశ్రాంతి ఎంత? గత సంవత్సరం మేము ఇచ్చిన సూచనలపై మీరు తీసుకున్న చర్య ఏమిటి? ఈ మూడింటికి వ్రాతపూర్వకంగా జవాబు వచ్చిన తరువాత, మా స్వభావాలను గురించి సావకాశంగా మాట్లాడుకుందాము.